చెవికి తక్కువైన రెండు మార్కులు

2024 ఆగస్టు ఆఖర్లో ఒక మధ్యాహ్నం, ఆసుపత్రిలో మందుల గదిలో నిలబడి ఫోన్‌లో రిజల్ట్ చూసుకున్నాను. జపనీస్ భాషా పరీక్ష, ఎన్4 స్థాయి, అంటే కింది నుంచి రెండో మెట్టు. 180కి 96 వచ్చాయి. పాసవ్వాలంటే 90 చాలు. ఆరు ఎక్కువే వచ్చాయని సంబరపడి వేలితో కిందికి జరిపితే, పాస్ కాలేదని ఉంది.

ఈ పరీక్షలో ఒక మెలిక ఉంది. మాటలు, వ్యాకరణం, చదవడం కలిపి 120 మార్కులు, వినడం ఒక్కటే 60. మొత్తం 90 దాటితే సరిపోదు. మొదటి దాంట్లో కనీసం 38, వినడంలో కనీసం 19 రావాలి. నాకు మొదటి దాంట్లో 79 వచ్చాయి. వినడంలో 17. రెండు మార్కులు తక్కువ.

ఇంటికి ఫోన్ చేసి చెబితే అమ్మకి తల కెక్కలేదు. "తొంభై ఆరొచ్చి కూడా ఫెయిలేటే? మరి తొంభైకి పాసన్నావు?" అంది. ఇంకోసారి వివరించాను. "అయితే నీకు చెవుడన్నమాట" అని తేల్చేసింది. అప్పుడు ఒళ్ళు మండింది గానీ, తర్వాత ఆలోచిస్తే ఆ మాటలో తప్పేమీ లేదు.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. మ్యాపులో పరలాఖెముండి అని ఉంటుంది గానీ ఇంట్లో ఎవరం అలా అనం. పక్కనే పాతపట్నం, అది ఆంధ్ర. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, టీవీలో హిందీ, నర్సింగులో ఇంగ్లీషు. జపనీస్ క్లాసులో చేరినప్పుడు "నాలుగు భాషలు వచ్చినదానివి, అయిదోది ఎంతసేపు" అని అందరూ అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఆ నాలుగింట్లో ఒక్కటి కూడా నేను కూర్చుని నేర్చుకున్నది కాదు. వాటంతట అవే అంటుకున్నాయి. ఒడియా ఎలా వచ్చిందంటే చెప్పలేను. రెండో తరగతిలో పక్క బెంచీ పిల్లతో దెబ్బలాడటానికి అవసరమై వచ్చింది.

జపనీస్ ఎందుకంటే, పని కోసం. జీఎన్ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా, అయ్యాక ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. జీతం తొమ్మిది వేలు. జపాన్‌లో ముసలివాళ్ళను చూసుకునే పనికి మనుషులు చాలడం లేదు. 2019 ఏప్రిల్ నుంచి ఆ దేశం కొన్ని పనులకు కొత్త రకం వీసా ఇస్తోంది. ఈ సంరక్షణ పనికైతే ఎన్4 గానీ, దానికి బదులుగా ఒప్పుకునే కంప్యూటర్ పరీక్ష గానీ పాసవ్వాలి. దాంతో పాటు పనికి సంబంధించిన పరీక్ష, ఆ పనిలో వాడే జపనీస్‌కి ఇంకో పరీక్ష. మా సీనియర్ అక్క ఒకావిడ, గుణుపురం మనిషి, అప్పటికే వెళ్ళిపోయింది. ఆవిడ వెళ్ళగలిగితే నేనెందుకు వెళ్ళలేను అనుకున్నాను.

ఆన్‌లైన్ క్లాసులో చేరాను. ఆ సెంటరు పేరు చెప్పను గానీ, అక్కడ నేర్పింది మాత్రం ఒక్కటే. పాత ప్రశ్నలు, వాటి జవాబులు. నోరు తెరిచే పని లేదు. ముప్ఫై మందిమి మైకులు ఆపుకుని కూర్చునేవాళ్ళం. ఎన్4 పరీక్షలో మాట్లాడే భాగం ఎలాగూ లేదు కాబట్టి "స్పీకింగ్ తర్వాత చూసుకోవచ్చు" అనేవారు. ఆ మాట నాకు చాలా హాయిగా అనిపించింది. సిగ్గరిని కదా.

మొదట్లో బాగానే సాగింది. జపనీస్‌కి రెండు అక్షరమాలలు, హిరగానా 46 అక్షరాలు, కటకానా ఇంకో 46. మన గుణింతాల ముందు అవి ఒక లెక్కా? పదిహేను రోజుల్లో వచ్చేశాయి. మాటల కోసం అట్టముక్కలు కోసుకున్నాను. నాన్నది బట్టల కొట్టు. చొక్కాల మడతల్లో అట్టలు వస్తాయి కదా, అవన్నీ పోగేసి అగ్గిపెట్టెంత ముక్కలు కోసి, ఒకవైపు జపనీస్, రెండోవైపు తెలుగు రాశాను. చెప్పుల డబ్బాలో అయిదు అరలు పెట్టాను. జవాబు వస్తే ముక్క తర్వాతి అరలోకి, రాకపోతే మళ్ళీ మొదటి అరలోకి. మొదటి అర రోజూ చూడాలి, చివరి అర నెలకోసారి చూస్తే చాలు. సెబాస్టియన్ లైట్నర్ అనే ఆయన 1970ల్లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ఫోన్ యాప్‌లు చేసేదీ ఇదే. నాకు మాత్రం చేత్తో రాసిన అట్టే గుర్తుంటుంది.

గుర్తుండని మాటలకు తెలుగు తగిలించేదాన్ని. స్టేషన్‌ని ‘ఎకి’ అంటారు. రైలు ఎక్కేది ఎక్కడ? ఎకిలో. ‘మిరు’ అంటే చూడటం. మీరు చూడండి. ‘అమె’ అంటే వాన, ఆమె వానలో తడిసింది. ‘ఇను’ అంటే కుక్క. మా వైపు ‘విను’ని ‘ఇను’ అంటారు, కుక్కకి మించి వినేదెవరు? ఈ పిచ్చి ముడులు పుస్తకంలో ఉండవు, ఎవరికివారు వేసుకోవలసిందే. ఇంకొకరు వేసిచ్చిన ముడి మర్నాటికే ఊడిపోతుంది.

తన తండ్రి గురించి బయటివాళ్ళకు చెప్పేటప్పుడు జపనీస్‌లో ‘చిచి’ అంటారు. తల్లినైతే ‘హహ’. ఆ రెండు అట్టలు పట్టుకుని నేను కొట్లో కూర్చుని పైకి చదువుతుంటే నాన్న తానులు సర్దడం ఆపి "ఎవర్నే ఛీ ఛీ అంటన్నావు?" అన్నాడు. "నిన్నే నాన్నా" అన్నాను. "మరి మీ అమ్మని?" "హహ." "అద్గదీ. అందరికీ నేనే అలుసు" అన్నాడు.

కంజి, అంటే చైనా నుంచి వచ్చిన బొమ్మల్లాంటి అక్షరాలు, వాటికి కథలు కట్టుకున్నాను. మనిషి పక్కన చెట్టు గీస్తే విశ్రాంతి. మూడు చెట్లు గీస్తే అడవి. ఇంటి కప్పు కింద ఆడమనిషిని గీస్తే చవక అని, నిశ్చింత అని అర్థం. పొలం గీసి దాని కింద బలం అనే గుర్తు పెడితే మగవాడు. ఆ అక్షరం మీద నాకు ఇప్పటికీ పేచీయే. మా వైపు వరినాట్లకు వంగేది ఆడవాళ్ళు, మగవాళ్ళు గట్టు మీద బీడీ కాలుస్తుంటారు.

వ్యాకరణం దగ్గరికొచ్చేసరికి తెలుగువాళ్ళకి పండగే. ఇది ఎవరూ ముందు చెప్పలేదు, నాకు నేనుగా కనిపెట్టి తెగ మురిసిపోయాను. క్రియ చివర వస్తుంది. విభక్తి మాట వెనకే అంటుకుంటుంది, ‘ఇంటి నుంచి’ లాగే ‘ఉచి కర’. అంతవరకు ఒడియాలోనూ ఉంది. కానీ ఇంకా లోపలికి వెళ్తే, ‘తిని చూడు’ అంటామా లేదా? రుచి చూడమని. జపనీస్‌లో అచ్చంగా ‘తబెతె మిరు’, తిని చూడటమే. ‘కొని పెట్టు’ అంటే ముందుగా కొని ఉంచమని కదా, వాళ్ళూ ‘కత్తె ఒకు’ అంటారు, ‘ఒకు’ అంటే పెట్టడమే. ‘తినకపోతే కుదరదు’ని ‘తబెనకెరెబ నరిమసెన్’ అంటారు. ఇంగ్లీషులో వివరించిన పుస్తకం ఈ ఒక్క ముక్కకి రెండు పేజీలు తీసుకుంది. నేను పక్కన పెన్సిల్‌తో ‘తినకపోతే అవ్వదు’ అని రాసుకుని పేజీ తిప్పేశాను.

ఇంకో లాభం దీర్ఘాలు. ‘ఒబసన్’ అంటే పిన్నీ అత్తా వరస, ‘ఒబాసన్’ అంటే మామ్మ. ‘కితె’ అంటే రా, ‘కిత్తె’ అంటే తపాలా బిళ్ళ. తెలుగులో రాసుకుంటే తేడా కళ్ళెదుటే ఉంటుంది. క్లాసులో ఒడియా ఇంటి భాషగా ఉన్న పిల్లలు ఇక్కడ చాలా అవస్థ పడ్డారు. ఒడియా రాతలో హ్రస్వ దీర్ఘాలు ఉన్నా మాటలో ఆ తేడా వినిపించదు. నేను వాళ్ళకి సాయం చేసేదాన్ని. లోలోపల కొంచెం గర్వం కూడా, కాదనను.

2023 డిసెంబరులో ఎన్5 పాసయ్యాను. పరీక్ష మద్రాసులో. పలాస వెళ్ళి మెయిల్ ఎక్కి, దగ్గర దగ్గర ఒక రోజు ప్రయాణం. పాసయ్యాక ఇక ఎన్4 ఏముందిలే అనిపించింది. చెప్పుల డబ్బాలు మూడయ్యాయి. రోజుకి నలభై అట్టలు, అన్నీ టకటకా వచ్చేవి. రాత్రి పడుకునే ముందు చివరి అరలోని అట్టల కట్టని చేత్తో పట్టుకుని మందం చూసుకునేదాన్ని. డబ్బు కట్ట చూసుకున్నట్టు.

తర్వాత జులై పరీక్ష. వినడం భాగంలో టేపు ఒక్కసారే వేస్తారు, మళ్ళీ వెయ్యరు. మొదటి ప్రశ్నలోనే ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఆ మాట నాకు తెలుసు, అది నాలుగో అరలో ఉంది, నీలం ఇంకుతో రాశాను, మూల కొంచెం చిరిగింది. అట్ట కనిపిస్తోంది, అర్థం గుర్తు రావడం లేదు. గుర్తొచ్చేలోపు టేపులో రెండో ప్రశ్న సగం అయిపోయింది. అప్పటినుంచి పరీక్ష అయ్యేదాకా ఒక అడుగు వెనకే పరిగెత్తాను.

అందుకే 17.

రిజల్ట్ వచ్చిన వారం కొట్టుకి ఒక మాస్టారు వచ్చారు. ఇంగ్లీషు లెక్చరరుగా చేసి రిటైరయ్యారు, నాన్నకి పాత ఖాతాదారు. నా ఏడుపు ముఖం చూసి సంగతి అడిగారు. రెండు రోజుల తర్వాత కొన్ని జిరాక్సు కాగితాలు తెచ్చి ఇచ్చారు. యాభై ప్రశ్నలు. రెబెకా ఆక్స్‌ఫర్డ్ అనే ఆవిడ 1990లో అచ్చు వేయించిన ప్రశ్నావళి అట, పరభాష నేర్చుకునేవాళ్ళు ఏ ఏ ఉపాయాలు వాడుతున్నారో తేల్చుకోవడానికి. ప్రతిదానికీ ఒకటి నుంచి అయిదు లోపు మార్కు మనమే వేసుకోవాలి. ఆరు భాగాలు ఉంటాయి. గుర్తుపెట్టుకోవడం, సాధన చేసి విడదీసి చూసుకోవడం, తెలియనిచోట ఊహించి గట్టెక్కడం, చదువుని తానే ప్లాన్ చేసుకోవడం, భయాన్ని అదుపులో పెట్టుకోవడం, మనుషులతో కలిసి నేర్చుకోవడం.

నిజాయితీగా వేసుకున్నాను. మొదటి దాంట్లో సగటు 4.4 వచ్చింది. చివరి దాంట్లో 1.3. అంటే ఇన్నాళ్ళూ నేను జపనీస్‌ని మనుషులు మాట్లాడే భాష అన్నట్టు చూడనే లేదు. ఊహించడంలోనూ అంతే తక్కువ. మాట తెలియకపోతే ఆగిపోవడమే నా అలవాటు.

మాస్టారు ఇంకో మాట చెప్పారు. 1975లో జోన్ రూబిన్ అనే ఆవిడ, భాషలు బాగా వచ్చినవాళ్ళు ఏం చేస్తున్నారో గమనించి ఒక వ్యాసం రాశారట. వాళ్ళు ధైర్యంగా ఊహిస్తారు, ఎలాగైనా విషయం చెప్పేయాలని చూస్తారు, తప్పు మాట్లాడి నవ్వులపాలైనా పట్టించుకోరు, దొరికిన ప్రతి చోటా మాట్లాడి చూస్తారు, తమ మాటనీ ఎదుటివాళ్ళ మాటనీ చెవి పెట్టి గమనిస్తారు, భాష రూపాన్నీ, అంటే వ్యాకరణాన్నీ, పట్టించుకుంటారు, అర్థాన్నీ పట్టించుకుంటారు. చెప్పి చెప్పి నవ్వి, "ఇవన్నీ మీ నాన్నకి ఉన్నాయమ్మా, ఒక్కటి తప్ప" అన్నారు.

నాన్న సవర మాట్లాడతాడు. పెళ్ళికి ముందు బట్టల మూటలు వేసుకుని గుమ్మ, సెరంగో సంతలకి వెళ్ళేవాడు. కొండల మీంచి వచ్చే సవరవాళ్ళకి చీరలు, తువ్వాళ్ళు అమ్మేవాడు. ఇప్పటికీ కొట్టుకి సవర మనిషి వస్తే నాన్న గొంతు మారిపోతుంది. ఆ సాయంత్రం మొదటిసారి అడిగాను, ఎలా నేర్చుకున్నావని.

"నేర్చుకున్నదేటి? సంతలో నిలబడ్డాను, వచ్చీసింది."

"అలా కాదు నాన్నా, మొదట ఏం నేర్చుకున్నావు?"

కాసేపు ఆలోచించాడు. "లెక్క. బేరమంటే లెక్కే గదా. దాని తర్వాత ‘మళ్ళీ చెప్పు’ అనే ముక్క. ఆ రెండు ఉంటే సంత గడిచిపోతాది."

ఆ లెక్క కూడా సామాన్యమైనది కాదు. సవరలో పన్నెండుని ‘మిగ్గెల్’ అంటారు. పదమూడు అంటే మిగ్గెల్ మీద ఒకటి, పద్నాలుగు అంటే మిగ్గెల్ మీద రెండు. పది మీద కాకుండా పన్నెండు మీద నడుస్తుంది. ఇరవై దగ్గర మళ్ళీ కొత్త మెట్టు. ముప్ఫై మూడంటే ఇరవై, పన్నెండు, ఒకటి. మొదటి సంతలో నాన్న ఇది తెలియక ఒక ముసలావిడకి చిల్లర తప్పు ఇచ్చాడట. ఆవిడ ఊరుకోలేదు. చింతపిక్కలు తెచ్చి నేల మీద పరిచి, పన్నెండు ఒక కుప్ప, పక్కన ఒకటి పెట్టి లెక్క చెప్పించింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకటే నవ్వు. "మర్చిపోతానేటి ఇంకా? నలభై ఏళ్ళయింది" అన్నాడు.

నాకు జపనీస్‌లో డబ్బు లెక్క దగ్గరే ప్రాణం పోయేది. వాళ్ళకి లక్ష లేదు. పదివేలని ఒక ‘మాన్’ అంటారు. మన లక్ష వాళ్ళకి పది మాన్లు, మన కోటి వెయ్యి మాన్లు. నాన్నకి చెప్పాను. "మరి పదమూడుకి ఏటంటారు?" అన్నాడు. "పది-మూడు నాన్నా, జూ-సన్." "పదీ మూడూనా? అంత సుఖమైన భాషకి రెండు మార్కులు తగ్గాయా నీకు?"

అయితే మాస్టారు చెప్పిన ఆ ఒక్కటీ నిజం. రూపాన్ని నాన్న పట్టించుకోడు. నలభై ఏళ్ళయినా నాన్నది సంత సవరే. ధర, కొలత, రంగు, పెళ్ళా చావా, అంతవరకే. ఒకసారి ఒక సవర అబ్బాయి, మా ఆసుపత్రిలో వార్డు బాయ్, నాన్న మాట్లాడుతుంటే విని నోరు మూసుకుని నవ్వుకున్నాడు. "మీ నాన్నగారు చిన్నపిల్లల్లా మాట్లాడతారు సిస్టర్" అన్నాడు. సంతలో ఎవరూ తప్పు దిద్దరు, పని అయిపోతే చాలు. నాదేమో దీనికి సరిగ్గా తిరగేసిన కథ. రూపం అంతా అట్టల మీద ఉంది, సంతే లేదు.

మా ఊళ్ళో ఈ రెండూ ఉన్న మనిషి ఒకాయన ఉండేవారు. గిడుగు రామమూర్తి పంతులు గారు. తెలుగువాళ్ళకి ఆయన వ్యావహారిక భాషా ఉద్యమంతో తెలుసు, ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసేది ఆయన పుట్టినరోజనే. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ, తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని సవర నేర్చుకున్నారని చిన్నప్పటి నుంచి వింటున్నాం. సంతకి వెళ్ళడమే కాదు, సంతని ఇంటికి తెచ్చుకున్నారన్నమాట. ఆయన ఇంగ్లీషులో రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. కొండల్లో మలేరియాకి క్వినైన్ వాడి వాడి వినికిడి పోయిందని చెబుతారు. ఇన్నాళ్ళూ ఆ సంగతి పాఠంలో ముక్కలా విన్నాను. ఆ వారం మాత్రం గుచ్చుకుంది. చెవులు పోగొట్టుకుని భాష సంపాదించిన మనిషి ఊరిదాన్ని, బంగారంలాంటి చెవులు పెట్టుకుని 17 తెచ్చుకున్నాను.

ఇక నా సంత ఎక్కడ? గుణుపురం అక్కకి మెసేజ్ పెట్టాను. వారానికి మూడు రోజులు, పది నిమిషాలు, జపనీస్‌లో మాట్లాడతావా అని. ఆవిడ డ్యూటీ అయ్యేసరికి అక్కడ రాత్రి తొమ్మిది, మనకి అయిదున్నర. సరే అంది, కానీ షరతు పెట్టింది. తెలుగు మాట దొర్లితే ఫోన్ పెట్టేస్తానని.

మొదటి రోజు నలభై సెకన్లలో పెట్టేసింది. "అయ్యో" అన్నాను, అందుకు.

రెండో రోజు మళ్ళీ పెట్టేసింది. మూడో రోజు ముందే మెసేజ్‌లో నాలుగు వాక్యాలు పంపింది. ఇంకోసారి చెప్పండి. కొంచెం నెమ్మదిగా. ‘ఫలానా’ అంటే ఏమిటి? మాట గుర్తు రావడం లేదు, దేంతో అంటే... ఈ నాలుగూ నిద్రలో లేపినా రావాలి, మిగతా అట్టలన్నీ తర్వాత అంది. నాన్న చెప్పిన ‘మళ్ళీ చెప్పు’ ముక్కే ఇది. గుణుపురం అక్కకి మా నాన్న ఎవరో తెలియదు.

ఆ వాక్యాలు వచ్చాక ఫోన్ నిలబడింది. ఒకరోజు దిండు గలీబుకి మాట తెలియలేదు. ఇదివరకైతే ఆగిపోయేదాన్ని. ‘దిండు చొక్కా’ అన్నాను. అక్క పడీ పడీ నవ్వి అసలు మాట చెప్పింది. ఆ మాటకి నేను అట్ట రాయలేదు. రాయాల్సిన పని పడలేదు.

ఇక చెవి సంగతి. ఇది కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే నాకు పనిచేసింది ఇదే, పైకి చూస్తే ఇంత చిన్న పనా అనిపిస్తుంది. రోజుకి ఇరవై సెకన్ల ఆడియో ముక్క. అంతకంటే వద్దు. మొదట కాగితం లేకుండా మూడుసార్లు వినాలి. తర్వాత వినిపించింది వినిపించినట్టు తెలుగు అక్షరాల్లో రాయాలి. హిరగానాలో రాస్తే నా బుర్ర తెలిసిన మాటలతో ఖాళీలు పూడ్చేసేది. తెలుగులో రాస్తే చెవి విన్నదే పడేది, ఖాళీ ఖాళీగానే కనపడేది. ఆ తర్వాత అసలు పాఠం తెరిచి ఎర్ర పెన్నుతో దిద్దుకోవాలి. చివరగా, ఆడియోతో పాటే, ఒక అక్షరం వెనకగా, నీడలా పైకి అంటూ పోవాలి.

మొదటి వారం కాగితాలు చూస్తే సిగ్గేస్తుంది. కానీ పది రోజులకి ఎర్ర గీతలన్నీ ఒకేచోట ఎందుకు పడుతున్నాయో కనపడింది. వాక్యాల చివర్లు. మొదలు బాగానే వింటున్నాను. ‘అషిత’ అనగానే రేపు, ‘యసుమి’ అనగానే సెలవు అని అట్టలు తిరగేసుకుంటూ, రేపు సెలవు అని సంబరపడి అక్కడ ఆగిపోతున్నాను. అసలు వాక్యం ‘అషిత వ యసుమి జా నకుతె, అసత్తె దెస్’. రేపు సెలవు కాదు, ఎల్లుండి. తెలుగులోలాగే జపనీస్‌లోనూ అసలు సంగతి చివర తేలుతుంది. వెళ్తానో, వెళ్ళనో, వెళ్ళాలనుందో, వెళ్ళక తప్పదో, అంతా ఆఖరి ముక్కలోనే. ఆ సంగతి చూసి వ్యాకరణంలో మురిసిపోయినదాన్నే, వినేటప్పుడు ముందు ముక్క పట్టుకుని పరిగెడుతున్నాను.

పరీక్షవాళ్ళు కూడా సరిగ్గా అక్కడే వల వేస్తారు. ఇద్దరు మాట్లాడుకుంటారు, ఆదివారం అనుకుంటారు, కాదు శనివారం అనుకుంటారు, చివర్న ఒకరు ‘యప్పరి’ అని మొదలుపెడతారు. యప్పరి అంటే మన ‘అబ్బే, వద్దులే’ లాంటిది. ఆ మాట వినపడగానే అంతకుముందు విన్నదంతా కొట్టేయాలి. బట్టల కొట్లో పుట్టినదాన్ని నాకు ఇది కొత్తా? నాలుగు చీరలు విప్పించి, అయిదోది మడత పెట్టించి, "అబ్బే, ఆ మొదటిదే ఇచ్చీ" అనేవాళ్ళని రోజూ చూస్తాను. అప్పటినుంచి ప్రతి టేపునీ బేరంలా వినడం మొదలుపెట్టాను. చివరికి ఏ చీర కట్టించుకున్నారన్నదే జవాబు.

అట్టలు మానెయ్యలేదు. రోజుకి నలభై నుంచి పదిహేనుకి తగ్గించాను. ఒక్క మాట బదులు చిన్న వాక్యం రాశాను, చూసి కాకుండా అక్క చేత చదివించిన రికార్డింగ్ విని అర్థం చెప్పడం అలవాటు చేసుకున్నాను. నైట్ డ్యూటీ వారాల్లో ఏదీ సాగేది కాదు. ఆ వారాల్లో ఇరవై సెకన్ల ముక్క ఒక్కటే, స్టాఫ్ రూమ్‌లో, చెవిలో తీగ పెట్టుకుని. మధ్యలో అక్టోబరులో పది రోజులు పూర్తిగా వదిలేశాను కూడా. దసరా, తర్వాత జ్వరం. మళ్ళీ మొదలుపెట్టిన రోజు అన్నీ తప్పులే.

2024 డిసెంబరు 1, ఆదివారం, మళ్ళీ మద్రాసు. వినడం భాగంలో మొదటి ప్రశ్నలోనే తెలియని మాట తగిలింది. దాన్ని వదిలేసి చివరి దాకా వెళ్ళాను. ఆ మాట ఏమిటో ఇప్పటికీ తెలీదు. జనవరిలో రిజల్ట్ వచ్చింది. మొత్తం 111, వినడంలో 38. అమ్మకి ఫోన్ చేస్తే "చెవులు వచ్చాయన్నమాట" అంది.

తర్వాత పని తాలూకు పరీక్షలు. నర్సింగ్ చదివినదాన్ని కాబట్టి పని సంగతులు కష్టం కాలేదు, మాటలే కొత్త. మంచం మీదే పడుకుని పడుకుని పుండు పడటానికి ‘జొకుసో’, మింగింది ఊపిరితిత్తుల వైపు పోవడానికి ‘గోఎన్’. విరేచనం అయిందా అని ముసలివాళ్ళని అడగాలంటే ‘ఒత్సూజి’ అనే గౌరవమైన మాట ఉంది. మన ఆసుపత్రిలో వార్డు మొత్తానికి వినపడేలా అరుస్తాం. అవి పాసయ్యాక, ఒక వృద్ధాశ్రమంవాళ్ళు వీడియో ఇంటర్వ్యూ పెట్టారు.

ఇంట్లో నెట్ సరిగా రాదు, కొట్లో బాగా వస్తుంది. కౌంటరు మీద మీటరు కర్ర పక్కకి జరిపి లాప్‌టాప్ పెట్టాను. అవతల ఇద్దరు, ఒక మగమనిషి, తెల్ల జుట్టావిడ. ఎందుకు రావాలనుకుంటున్నావు, రాత్రి డ్యూటీలు చేయగలవా, ఇలాంటివి అడిగారు. వాటికి జవాబులు రెడీగానే ఉన్నాయి. తర్వాత ఆవిడ ఇంట్లో ఎవరెవరున్నారని అడిగింది.

"చిచి వ ఫుకు నొ మిసె ఒ షితె ఇమస్" అన్నాను. మా నాన్న బట్టల కొట్టు నడుపుతారు అని.

వెనక నుంచి నాన్న గొంతు. "మళ్ళీ నన్నే?"

ఆవిడకి ఆ గొంతు వినపడింది. ఏమన్నారని అడిగింది. దీనికి నా దగ్గర అట్ట లేదు. మా భాషలో చిచి అంటే... అసహ్యం అనే మాట గుర్తు రాలేదు. కంపు కొట్టే చెత్త చూసినప్పుడు మేం అనే మాట, అందుకని నాన్న కోపం తెచ్చుకున్నారు, కానీ నిజం కోపం కాదు, అని ఏదో అతుకులు వేసి చెప్పాను. ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ నాన్నకి క్షమాపణలు చెప్పమంది. తిరిగి నాన్నకి తెలుగులో చెప్పాను.

కాల్ అయిపోయాక నాన్న తాను చుడుతూ అడిగాడు. "నవ్వారు గదా, ఉద్యోగం ఇచ్చినట్టేనా?"

"రెండు వారాల్లో చెబుతారట నాన్నా."

"సరే. ఆ చిచి మాత్రం మరి అనకు. కొట్లో మనుషులున్నారు" అని మీటరు కర్ర తీసుకుని లోపలికి వెళ్ళాడు.